అట్ట మీద తోట

మా ఇంట్లో మిక్సీలు రెండు. ఒకటి పచ్చళ్ళకి, రెండోది ఆకులకి. ఆకులంటే వండుకునేవి కావు. స్పాంజి ముక్కల్ని ఆకుపచ్చ రంగులో నానబెట్టి, ఎండబెట్టి, మిక్సీలో నాలుగు తిప్పులు తిప్పితే పొడిపొడిగా వచ్చేదే నా చెట్లకి ఆకు. పెళ్ళయిన కొత్తలో ఒక్క మిక్సీయే ఉండేది. ఒకరోజు మా ఆయనకి కొబ్బరి పచ్చడిలో స్పాంజి తగిలింది. మర్నాటికల్లా రెండోది కొనుక్కొచ్చాడు. నేను అడక్కుండా ఆ మనిషి ఇంటికి తెచ్చిన వస్తువు అదొక్కటే, అదీ తన కడుపు చూసుకుని.

మా ఆయన పేరు మురళీమోహన్. అమలాపురం బస్టాండు వెనక సందులో మాది మోడళ్ళ షాపు. స్కూళ్ళకి సైన్సు ఫెయిర్ వంతెనలు, బిల్డర్లకి అపార్టుమెంట్లు, అన్నీ అట్ట మీద చేసిస్తాం. నిజంలో మీటరంటే మా అట్ట మీద సెంటీమీటరు. ఇళ్ళూ రోడ్లూ ఆయన కోస్తాడు, చెట్లు నేను చేస్తాను. బోర్డు మీద మాత్రం ఆయన పేరొక్కటే ఉంటుంది.

కొబ్బరిచెట్టు చెయ్యడం అన్నిటికంటే కష్టం. మోటార్లు చుట్టే షాపులో పారేసిన రాగితీగ తెచ్చి మెలేస్తే మాను. దానికి జిగురు పూసి, కొబ్బరిపొట్టు అద్ది, ఆరాక బ్లేడుతో గాట్లు పెట్టాలి. సన్నటి తీగకి కాగితం అంటించి రెండు పక్కలా వెంట్రుకవాసి తేడాతో కత్తిరించుకుంటూ పోతే మట్ట. గెలలకి రంగు అద్దిన ఆవాలు. అన్నీ అయ్యాక కింద రెండు మట్టలు గోధుమరంగులో ఎండి వేలాడాలి. అవి లేకపోతే ఎంత చేసినా అది బొమ్మే, చెట్టు కాదు.

బిల్డర్లకి చేసేటప్పుడు చెట్లని కొలతకి చెయ్యం. అరవై అడుగుల కొబ్బరిచెట్టు లెక్క ప్రకారం జానెడు ఉండాలి. పక్కన రెండంతస్తుల ఇల్లు వేలెడే వస్తుంది. చెట్టుని ఉన్నంత పెడితే ఇల్లు కోళ్ళగూడులా కనబడుతుంది, ఇంకెవరు కొంటారు? అందుకని చెట్టుని సగానికి కుదిస్తాం. మా పనిలో ఇది తప్పని ఎవరూ అనుకోరు, నేనూ అనుకోలేదు.

ఇదంతా ఒక ఎండాకాలం సంగతి. ఉగాది వెళ్ళాక సత్తిరాజుగారు కారు దిగి మా షాపులోకి వచ్చారు. మామిడికుదురు దగ్గర ఆయనకి కొబ్బరితోట ఉంది. అందులో విల్లాలు కట్టి అమ్ముతారట, మోడల్ కావాలట.

"ఒక్క చెట్టు కూడా కొట్టనమ్మా," అన్నారు నాతో. "ఈ రోజుల్లో జనానికి చెట్టే కావాలి. ఉన్న చెట్లు ఉన్నట్టు చెయ్యి. చూడగానే మీ నాన్న తన చెట్టుని గుర్తుపట్టాలి."

ఆ తోటలో ఉండేది మా నాన్నే. పేరు తాతాజీ. తొంభయ్యారు తుపానులో చెట్లన్నీ పడిపోయిన నేలని సత్తిరాజుగారి నాన్నగారు మా నాన్నకి కౌలుకిచ్చారు. మొక్క నాటడం దగ్గర్నుంచి నీళ్ళు పొయ్యడం, కాయ దింపడం వరకూ అంతా నాన్నే, మా అమ్మ నూకాలమ్మే. ఊళ్ళో దాన్ని తాతాజీ తోటనే అంటారు. ఇన్నేళ్ళుగా ఉన్న కౌలుదారుని కదపాలంటే సత్తిరాజుగారికి అయ్యే పని కాదు. నాన్న తనంతట తాను ఒప్పుకోవాలి. రెండేళ్ళుగా ఆయన ఒప్పుకోవడం లేదు.

మధ్యలో మా ఆయన దూరాడు. నాన్న అక్కడే తోటమాలిగా ఉంటాడు, జీతమిస్తారు, ఉండడానికి గది, వేసుకోవడానికి యూనిఫాం. చెట్లు ఎక్కడివక్కడే. ఈ బేరం కుదిర్చింది మా ఆయనే. ఆ మాట విని నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. పెళ్ళయ్యాక మా వాళ్ళ గురించి ఆ మనిషి ఆలోచించడం అదే మొదటిసారి అనుకున్నాను. పిచ్చిదాన్ని.

టేపూ ఫోనూ పట్టుకుని తోటకి వెళ్ళాను. నాన్న కాయ దింపి అప్పుడే చెట్టు దిగాడు.

"ఏంటే, నా తోటని సంచీలో ఏసుకుపోతావా?"

"ఆయ్, మీ అల్లుడుగారు పట్రమ్మన్నారు."

"కాగితం చెట్టుకి కాపెంతే?"

"ఆవగింజంత."

పకపకా నవ్వాడు. నా పనంటే ఆయనకి ముందునుంచీ నవ్వులాటే. అయినా ఆ వేళ తువ్వాలు భుజానేసుకుని నా వెంట తోటంతా తిరిగాడు. ఒక్కో చెట్టుకీ ఒక్కో పేరు. ఎంత ఎరువేసినా కాపు పెరగనిది చెవిటిది. ఇది చెప్పిన మాట వినదే అనేవాడు. పిడుగు పడి బతికినది మొండిది. తుపాను తర్వాత ఆ నేల మీద నిలబడి ఉన్న ఒకే ఒక్క చెట్టు వంకరది, నేల మీదకి వంగిపోయి మళ్ళీ ఆకాశంకేసి తిరిగింది. దాన్ని చూసే ఈ నేల పట్టుకున్నానని చెప్పేవాడు. ఎత్తు కొలవడానికి టేపు అందకపోతే కాళ్ళకి బందం వేసుకుని తనే తాడు పట్టుకుని ఎక్కాడు. ఆ వయసులో ఎందుకంటే వినలేదు. "చేసేదేదో సరిగా చెయ్యి, నా చెట్టుని పొట్టిదాన్ని చెయ్యకు," అని పైనుంచి అరిచాడు.

సరిగానే చేశాను. ఆ నెలంతా ఇంకో పని ముట్టుకోలేదు. సత్తిరాజుగారు ఉన్నది ఉన్నట్టన్నారు కదా అని కుదించకుండా నిండు కొలతకి చేశాను. చెవిటిదానికి ఆవాలు తగ్గించి పెట్టాను. మొండిదాని మాను మీద పిడుగు చీల్చిన గీత ఉంది. వంకరదాన్ని మూడుసార్లు విప్పి నాలుగోసారి వంచాను. అంత మంచి చెట్లు నేను అంతకుముందు చెయ్యలేదు, ఆ తర్వాతా చెయ్యలేదు.

చెట్లు గుచ్చే రోజు వచ్చింది. తోటలో ఏ చెట్టు ఎక్కడుందో అట్ట మీద ముందే చుక్కలు పెట్టి ఇచ్చాను. మా ఆయన వాటి మీదే రోడ్లు పరిచి, ఇళ్ళు అంటించి తెచ్చాడు. నా కాగితం చూసుకుంటూ మొదలుపెట్టాను. మొదటి చెట్టు రోడ్డు మధ్యలో పడింది. రెండోది ఒక ఇంటి హాల్లోంచి లేవాల్సి వచ్చింది. మూడోది ఇంకో ఇంటి బాత్రూంలోంచి. వంకరదాని చుక్క సరిగ్గా ఈతకొలను నీళ్ళ కింద ఉంది.

"ఏవండీ, ఇళ్ళు తప్పంటించేరు," అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

వచ్చి చూశాడు. "ఇళ్ళు కరెక్టే. చెట్లు జరుపు."

"చెట్లు జరుగుతాయేంటండీ?"

"అట్ట మీద జరుగుతాయి."

"మరి తోటలోనో?"

కటింగ్ ప్లేయరు తీసుకుని, నా చెట్లు ఒక్కొక్కటీ వంపు పోకుండా మొదలు వైపు కోసి సగానికి తగ్గించి, మట్టల చుట్టూ కత్తెర వేసి, ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్న సందుల్లో గుచ్చడం మొదలుపెట్టాడు. నిండు మట్టలుంటే ఆ సందుల్లో ఒక్క చెట్టూ పట్టదు. మట్ట ఇటు ఈ ఇంటి కిటికీలోకీ అటు ఆ ఇంటి కిటికీలోకీ వెళ్ళిపోతుంది. ఈ లెక్క నాకెవరూ చెప్పక్కర్లేదు.

"అన్నీ కొట్టేస్తారా?" అనడిగాను.

"గేటు దగ్గర రెండు ఉంచుతారేమో. నాకేం తెలుసు? నాది అట్ట పని."

"మా నాన్నకి చెప్పేస్తాను."

"చెప్పుకో. నేనాపేనా?" అన్నాడు, చెట్టు మీంచి కళ్ళు తిప్పకుండానే. "నీ నోటిమాట నమ్ముతాడో నీ చేతిపని నమ్ముతాడో చూద్దాం."

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం కూడా లేదు. ఎవరి మీదైనా కోపం ఉన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు చల్లబడతాడు. కోపమే లేనివాణ్ణి ఏం చెయ్యగలం?

రెండ్రోజులు పోయాక సత్తిరాజుగారి ఇంటి వరండాలో మోడల్ పెట్టారు. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ తిరిగాడు. ఒకచోట ఆగిపోయి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఓర్నీ, వంకరది."

"గుర్తుపట్టేవా తాతాజీ?" అన్నారు సత్తిరాజుగారు.

"గుర్తుపట్టడమేంటండి బాబుగారు, నా చెట్టే. ఎండుమట్ట చూడండి, నిన్న పీకుదామనుకుని పీకలేదు. అదిగో, చెవిటి ముండ. అది మొండిది." వేలు తగలకుండా ఒక్కోదాన్నీ చూపిస్తున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. నా చేతిపని చూసి ఆయన నవ్వకపోవడం అదే మొదలు. అదే ఇంకో రోజయితే నేను గాల్లో తేలిపోయేదాన్ని.

"నాన్నా," అన్నాను అందరి ముందూ. "ఆ చెట్టు అక్కడ లేదు. ఈతకొలను ఉన్నచోట ఉంది. జరిపి గుచ్చేరు. పొడుగు సగానికి కోసేసేరు. నీ చెట్లు ఉన్నంత పెడితే ఈ ఇళ్ళ మధ్యన ఒక్కటి కూడా పట్టదు."

 సత్తిరాజుగారు మా ఆయనకేసి చూశారు. మా ఆయన హాయిగా నవ్వాడు.

"తనంతేనండి. తను చేసింది తనకే నచ్చదు. ఎంత బాగా కుదిరినా ఏదో వంక పెడతాది."

"పనిమంతులంతా అంతేనోయ్," అన్నారు సత్తిరాజుగారు.

"చిన్నప్పట్నించీ అంతేనండి బాబుగారు," అన్నాడు నాన్న, గర్వంగా. "ముగ్గేసి, బాలేదని మళ్ళీ తనే చెరిపేసుకునేది."

అందరూ నవ్వారు. లోపల్నించి నాకు కాఫీ కూడా వచ్చింది.

అక్కడితో ఊరుకోలేదు నేను. మర్నాడు తోటకి పోయాను. అప్పటికే నేల మీద సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. తాడు పట్టుకుని, ఒక గీత నుంచి ఇంకో గీతకి లాగి చూపించాను. ఇదిగో గోడ, ఇదిగో ఇంకో గోడ, మధ్యలో నీ చెట్టు మట్ట ఎటు పోవాలో నువ్వే చెప్పు అన్నాను. నాన్న తాడుకేసి చూడనేలేదు.

"అల్లుడుగారు పనిప్పించేరని కళ్ళల్లో నిప్పులు పోసుకుంటన్నావా?" అంది అమ్మ. "మీ నాన్న ఇంకెన్నాళ్ళు చెట్లెక్కుతాడే? కూర్చోబెట్టి జీతమిస్తామంటన్నారు."

"అమ్మా, చెట్లే ఉండవు. మాలి ఎందుకే?"

"నిన్న చూసి వచ్చేరు గదా. నువ్వు చేసినవే."

నాన్న కొడవలి గుంజకి గుచ్చి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "చెవిటిదానికి కాపు తక్కువని ఆవాలు కూడా తగ్గించి పెట్టేవు. అంత నిజంగా చేసిందానివి, ఇప్పుడొచ్చి అబద్ధమంటే ఎలాగే నమ్మడం? మీ ఆయనకీ నీకూ ఏదో మాట పట్టింపు వచ్చుంటాది. అది నా తోట మీదకి తేకు."

చేతిలో తాడు అలాగే పట్టుకుని రోడ్డు వరకూ నడిచాను. ఎవర్ని తిట్టాలో తెలియలేదు, నా చేతుల్నే తిట్టుకున్నాను. ఆ వారంలోనే నాన్న కౌలు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టేశాడు. మా ఆయన దగ్గరుండి పెట్టించి, మిఠాయి తెచ్చాడు ఇంటికి. ఆ రోజు పచ్చడి ఏ మిక్సీలో రుబ్బానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

తొలకరి పడకముందే మిషన్లు దిగాయి. కబురు తెలిసి నేను వెళ్ళేసరికి సగం తోట నేల మీద ఉంది. ముక్కలు కోసిన మానులు ఇటుకబట్టీలకి పోవడానికి లారీ ఎక్కుతున్నాయి. ఇంజినీరు ఒప్పుకోలేదని, పునాదులకి వేళ్ళు అడ్డమని, మళ్ళీ కొత్త మొక్కలు నాటిస్తామని సత్తిరాజుగారు నాన్నతో చెబుతున్నారు. చాలా మర్యాదగా, భుజం మీద చెయ్యి వేసి చెబుతున్నారు. నాన్న "ఆయ్, ఆయ్" అంటున్నాడు.

వంకరదాన్ని చివరికి ఉంచారు. అంత వంపున్న చెట్టు కోస్తే ఎటు పడుతుందో మిషనువాడికి అంతుపట్టలేదు. చుట్టూ తిరిగి చూసి, "పెద్దాయనా, ఇది ఎటు పడుద్దంటావు?" అని నాన్ననే అడిగాడు.

నాన్న చెట్టుకేసి చూసి, నాలుగడుగులు వెనక్కేసి, "అందరూ తూర్పేపు రండి," అన్నాడు. "పడమరకి పడుద్ది."

పడమరకే పడింది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

తర్వాత కొన్నాళ్ళకి నాన్న షాపుకి వచ్చాడు. మా ఆయన లేడు. బల్ల మీద వేరే ఎవరి కోసమో చేస్తున్న చెట్లున్నాయి. వాటికేసి చూస్తూ నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీకు తెలుసు," అన్నాడు.

"చెప్పేను కదా నాన్నా. ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పేను."

"చెప్పేవు. చేసేక చెప్పేవు."

"చేసేటప్పుడు నాకూ తెలీదు."

"నేను నీ మాట మీద సంతకం పెట్టలేదే. మీ ఆయన మాట మీదా పెట్టలేదు, ఆ బాబు మాట మీదా పెట్టలేదు. ఆ చెట్లు చూసి పెట్టేను." నేను లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చేసరికి మెట్లు దిగిపోతున్నాడు. ఎండలో తువ్వాలు నెత్తిన వేసుకుని బస్టాండుకేసి నడిచాడు. నా తప్పు లేదని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? ఆ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఒళ్ళు మండి ఏడ్చాను.

శ్రావణంలో సైటు ఆఫీసు తెరిచారు. ఏసీ, గాజు తలుపులు, మధ్యలో పెద్ద బల్ల మీద మా మోడల్. చెట్లు కొన్ని రవాణాలో ఊడాయని, అంటించడానికి రమ్మని మా ఆయన నన్ను తీసుకెళ్ళాడు. దారిలో బండి మీద ఒక మాట చెప్పాడు.

"మావయ్యగారికి తోటమాలి పనన్నారు, ఇచ్చేరు. గదన్నారు, ఇచ్చేరు. ఎవరు మాట తప్పేరు చెప్పు?"

ఆ మాట నాకు తలుపు తోసి లోపలికి వెళ్ళాక అర్థమైంది. బల్ల పక్కన నాన్న నిలబడి ఉన్నాడు. ఆకుపచ్చ యూనిఫాం, జేబు మీద వెంచర్ పేరు, చేతిలో రంగులేసే మెత్తటి బ్రష్షు. బల్ల మీదికి వంగి, ఒక్కో చెట్టు మీదా దుమ్ము దులుపుతున్నాడు. రోజుకి రెండుసార్లు దులపాలట, గాజుపెట్టె వచ్చేదాకా. వచ్చినవాళ్ళకి చెట్లు చూపించడం కూడా ఆయన పనే. పల్లెటూరి మనిషి చెబితే జనం నమ్ముతారని సత్తిరాజుగారి ఆలోచన.

కాకినాడ నుంచి ఒక జంట ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. "ఈ చెట్లన్నీ ఉంటాయా?" అని అడిగిందావిడ.

"ఆయ్, నాటిస్తారండి," అన్నాడు నాన్న.

"ఎంత నిజంగా ఉన్నాయో. ఎవరు చేసేరండీ?"

నేను ఆయనకి మూరెడు దూరంలో ఉన్నాను. చేతిలో జిగురు సీసా ఉంది. నాన్న నాకేసి చూశాడు, తిరిగి ఆవిడకేసి చూశాడు.

"తెలీదండి. ఎక్కణ్ణుంచో తెప్పించేరండి."

ఈతకొలను పక్కన గుచ్చిన వంకరది వదులై ఒరిగిపోయి ఉంది. అంటిద్దామని చెయ్యి చాపాను. బ్రష్షు నా చేతికి అడ్డం వచ్చింది.

"ముట్టుకోకండి మేడంగారూ," అన్నాడు నాన్న. "పాడైపోతాయండి."

కోపంగా అనలేదు. వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేటట్టే చెప్పాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయనే రెండు వేళ్ళతో చెట్టుని నిలబెట్టి, ఎండుమట్ట మీద దుమ్ము దులిపి, పక్క చెట్టుకి వెళ్ళాడు.

"మీ తోటమాలి ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడండీ," అందావిడ మా ఆయనతో.

"ఆయ్, మా దగ్గర అందరూ అంతేనండి," అన్నాడు మా ఆయన. ఆయన తన మావగారని చెప్పలేదు. నేనూ ఆయన కూతుర్నని చెప్పలేకపోయాను.

ఆ ఎండాకాలం వెళ్ళి రెండేళ్ళయింది. నేనింకా అదే షాపులో చెట్లు చేస్తున్నాను, ఇప్పుడు అన్నీ సగం కొలతకే. నెలకోసారి ఆఫీసు వెనక గదికి వెళ్ళి వాళ్ళని చూసొస్తాను. అమ్మ మామూలుగానే మాట్లాడుతుంది. మొన్న నాన్నకి జ్వరమని తెలిసి గంజి కాచి తీసుకెళ్ళాను. లేచి కూర్చోబెట్టి, నేనే గ్లాసు పట్టుకుని తాగించాను. సగం తాగాడు. మిగతాది వద్దని చేత్తో ఆపాడు.

"చాలండి," అన్నాడు.